చేప తలకాయ, పిల్లల బుర్ర

చేపల పులుసు దించగానే తలకాయ ఎవరికి వేయాలన్న మాట చాలా ఇళ్ళలో వస్తుంది. ఒకప్పుడు అది ఇంటి పెద్దాయన కంచంలోకి వెళ్ళేది. ఇప్పుడు పిల్లల కంచంలో పడుతోంది. "తలకాయ తింటే తెలివి పెరుగుతుంది, తినరా కన్నా" అని నాయనమ్మ బతిమాలుతుంటే, తెల్లగా ఉడికిన ఆ కన్ను చూసి పిల్లవాడు ఏడుపు మొహం పెడతాడు. మరోపక్క మందుల షాపులో మెదడు బొమ్మ వేసిన డబ్బాలు: ఒమేగా-3, డీహెచ్ఏ, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత. నాయనమ్మ చెప్పేదీ, డబ్బా మీద రాసిందీ ఒకే పదార్థం గురించి. రెండింటిలోనూ నిజం ఉంది, వాళ్ళు చెప్పినంత మాత్రం లేదు. ఎంత ఉందో తెలుసుకుంటే డబ్బూ మిగులుతుంది, అన్నం దగ్గర గొడవా తగ్గుతుంది.

నీటిని పక్కనపెడితే మన మెదడు బరువులో సగానికి పైగా కొవ్వే. నడుము చుట్టూ పేరుకునే కొవ్వు కాదది, నాడీకణాల పొరలు కట్టిన కొవ్వు. ఆ పొరల్లో డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం దండిగా ఉంటుంది. 22 కర్బన పరమాణువుల గొలుసు, దానిలో 6 చోట్ల జంట బంధాలు. జంట బంధం ఉన్న ప్రతిచోటా గొలుసు వంగుతుంది. వంగిన గొలుసులు ఒకదానికొకటి అంటుకుని బిగుసుకోలేవు కాబట్టి కణం పొర మెత్తగా, కదలికతో ఉంటుంది. సంకేతాలు చకచకా సాగడానికి ఆ మెత్తదనం కావాలి. కంటి లోపలి రెటీనాలో, మసక వెలుతురును పట్టే కణాల్లో అయితే డీహెచ్ఏ ఇంకా చిక్కగా ఉంటుంది.

చేపకూ అంతే. చల్లటి నీళ్ళలో బతికే చేపకైతే ఈ అవసరం మరీ ఎక్కువ. నీరు చల్లబడేకొద్దీ చేప తన కణాల పొరల్లో ఇలాంటి వంగిన గొలుసులను పెంచుకుంటుంది, పొరలు గట్టిపడకుండా. సముద్రపు చేపలు డీహెచ్ఏను సొంతంగా తయారుచేసుకోవడం తక్కువ. కంటికి కనపడని సన్నటి నాచు దాన్ని తయారుచేస్తుంది, నాచును నీటిలోని పురుగులు తింటాయి, వాటిని చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు తింటాయి. చెరువు చేపలకు కొంత వెసులుబాటు ఉంది. మొక్కల కొవ్వులో దొరికే చిన్న గొలుసులను సాగదీసి కొంత డీహెచ్ఏ తయారుచేసుకోగలవు.

ఇక్కడ తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. చేప ఒంట్లో కొవ్వు అంతటా ఒకేలా ఉండదు. కండలోని కొవ్వు అది తిన్న మేతను చూపిస్తుంది. మెదడులోని కొవ్వు అలా మారదు. కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి తినేది ఎక్కువగా నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, పత్తి చెక్క. కాబట్టి వాటి కండలో ఒమేగా-3 తక్కువ, తవుడులో, చెక్కలో ఉండే తరహా కొవ్వు ఎక్కువ. అదే చేప మెదడును పరీక్షిస్తే డీహెచ్ఏ నిండుగానే ఉంటుంది. కరువొచ్చి గాదె ఖాళీ అయినా విత్తనాల మూట విప్పని రైతులా, చేప తన మెదడు వాటాను చివరిదాకా కాపాడుకుంటుంది. మేత మంచిదయినా కాకపోయినా తల లోపలి లెక్క పెద్దగా తప్పదు.

కండ మాత్రం మేతను బట్టి మారుతుందనడానికి స్కాట్లండ్ సాల్మన్ కథ సాక్ష్యం. పెంపకం సాల్మన్‌కు ఒకప్పుడు చేప నూనె కలిపిన మేత వేసేవారు. సముద్రంలో చిన్న చేపలు చాలక, ధర పెరిగి, ఆ నూనె స్థానంలో మొక్కల నూనెలు కలపడం మొదలుపెట్టారు. 2006కూ 2015కూ మధ్య ఆ సాల్మన్ కండలో డీహెచ్ఏ, దానిలాంటిదే ఈపీఏ అనే ఇంకో ఒమేగా-3 కలిపి దాదాపు సగానికి పడిపోయాయని 2016లో అక్కడి పరిశోధకులే ప్రకటించారు. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మన పిల్లలు సాల్మన్‌తో పులుసు పెట్టుకుంటూ ఉంటారు. కంగారుపడక్కర్లేదు. సగమైనా అది మన చెరువు చేప కంటే ఎక్కువే.

మరి తలకాయ సంగతి? బొచ్చె తల చూడండి, ఒంటికి మించినంత పెద్దది. రెండుగా కొట్టించి దగ్గరగా చూస్తే మెదడు ఎంత చిన్నదో తెలుస్తుంది: పుర్రె గూట్లో ఒక మూల లేత రంగు ముద్ద, దాని చుట్టూ జిగురుగా మెరిసే కొవ్వు. పిల్లవాడి వాటాకు ఆ మెదడు చెంచాలో సగం కూడా రాదు. అంటే నాయనమ్మ చెప్పిన పదార్థం అక్కడ ఉన్నమాట నిజమే గానీ, ఉన్నది పిసరంత. తలకాయలో అసలు రుచీ కొవ్వూ కంటి గుంట వెనకా, దవడ కిందా ఉండే మెత్తటి భాగంలో ఉంటాయి. తూర లాంటి సముద్రపు చేపల్లో కంటి వెనక కొవ్వు డీహెచ్ఏకు పేరుపడ్డది. కాబట్టి ఇష్టంగా తినే పిల్లలకు తలకాయ పెట్టండి, ఆ దవడ కండ వేలితో తీసి నోట్లో పెట్టండి. ఇష్టం లేనివాళ్ళకు వదిలేయండి. పోయేదేమీ లేదు, అదే పులుసులోని పొట్ట ముక్కలో కూడా కొవ్వు బాగానే ఉంటుంది.

డీహెచ్ఏ నిజంగా కరువైతే ఏమవుతుందో చేపల మీదే చూశారు. 1995లో బ్రిటన్ శాస్త్రవేత్తలు హెర్రింగ్ చేప పిల్లలను డీహెచ్ఏ చాలని మేతతో పెంచారు. మసక వెలుతురులో అవి ఎరను సరిగా పట్టుకోలేకపోయాయి. 1990ల చివర్లో జపాన్‌లో ఎల్లోటెయిల్ అనే చేప పిల్లలకు డీహెచ్ఏ లేని మేత వేస్తే, ఆ వయసు పిల్లలు సాధారణంగా గుంపు కట్టాల్సింది పోయి ఎవరి దారిన అవి తిరిగాయి. గుంపు కట్టాలంటే పక్కదాన్ని చూడాలి, దాని కదలికకు తగ్గట్టు తాను కదలాలి, అదంతా కన్నూ మెదడూ కలిసి చేసే పని. ఈ ప్రయోగాలు చదివిన ఎవరికైనా డీహెచ్ఏ విలువ అర్థమవుతుంది.

డబ్బాల వాళ్ళు మాత్రం ఇక్కడి నుంచి ఒక గెంతు గెంతుతారు. లేకపోతే నష్టం కాబట్టి, ఎంత ఎక్కువ ఇస్తే అంత తెలివి అంటారు. జపాన్ చేపల్లో డీహెచ్ఏ అందినవి గుంపు కట్టాయి, అంతే. పిల్లల విషయంలోనూ లోటు పూడ్చడం వేరు, నిండిన కుండలో ఇంకా పోయడం వేరు. ఆస్ట్రేలియాలో 2,399 మంది గర్భిణులతో జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. కొందరికి రోజుకు 800 మిల్లీగ్రాముల డీహెచ్ఏ మాత్రలు, మిగతావాళ్ళకు మామూలు నూనె మాత్రలు ఇచ్చారు. ఏడాదిన్నర వయసులో వాళ్ళ పిల్లల తెలివితేటలు కొలిస్తే సగటున తేడా కనపడలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో బడి పిల్లలకు డీహెచ్ఏ మాత్రలిస్తే చదవడంలో బాగా వెనకబడినవాళ్ళు కాస్త మెరుగుపడ్డారని 2012లో ప్రకటించారు, పత్రికలన్నీ రాశాయి. అదే జట్టు మళ్ళీ చేసి 2018లో ప్రకటించిన పరీక్షలో ఆ ఫలితం రాలేదు. ఈ రెండోది పత్రికల్లో అంతగా కనపడలేదు, డబ్బాల మీద అసలే కనపడదు.

చేప తిన్న తల్లుల మాట వేరుగా ఉంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో 11,875 మంది గర్భిణుల వివరాలు చూసి 2007లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. వారానికి 340 గ్రాముల కంటే తక్కువ చేప తిన్న తల్లుల పిల్లల్లో, ఎక్కువ తిన్నవాళ్ళ పిల్లలతో పోలిస్తే, మాటకు సంబంధించిన తెలివితేటల్లో వెనకబడినవాళ్ళు ఎక్కువగా ఉన్నారు. చేప తినే ఇళ్ళలో చదువూ ఆదాయమూ కూడా మెరుగ్గా ఉండొచ్చు. పరిశోధకులు వాటిని లెక్కలోకి తీసుకున్నా, ఇలాంటి అధ్యయనంతో కారణం ఇదేనని ఖాయంగా తేల్చలేం. అయినా మాత్ర ఒక్కదానికంటే చేప ముక్కలో సరుకు ఎక్కువ: మంచి మాంసకృత్తులు, అయోడిన్, సెలీనియం, బి12, కాస్త డి విటమిన్. నన్నడిగితే మాత్ర కొనే డబ్బుతో చేప కొనమంటాను.

ఆ చేప ముందు ఎవరి కంచంలోకి వెళ్ళాలన్నది కూడా ఆలోచించాలి. పుట్టినప్పుడు బిడ్డ మెదడు 350 గ్రాములు అటూ ఇటూగా ఉంటుంది. రెండేళ్ళు నిండేసరికి పెద్దవాళ్ళ మెదడులో దాదాపు 80 శాతానికి చేరుతుంది. కడుపులో చివరి మూడు నెలలూ, పుట్టాక మొదటి రెండేళ్ళూ డీహెచ్ఏ మెదడులోకి జోరుగా చేరే కాలం. ఆ కాలంలో అది బిడ్డకు ముఖ్యంగా అందేది తల్లి నుంచే, మొదట మాయ ద్వారా, తర్వాత పాల ద్వారా. పాలలో డీహెచ్ఏ తల్లి తిండిని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. పదో తరగతి పరీక్షల ముందు నెలరోజులు పిల్లవాడికి మాత్రలు మింగించే ఇల్లు, కడుపుతో ఉన్న కోడలికి వేడి చేస్తుందని చేప మాన్పించిందంటే లెక్క తలకిందులైనట్టే. కోడలికి పెట్టండి. వండేది మామగారో భర్తో అయితే ఇంకా మంచిది.

ఎంత పెట్టాలి? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2010లో అచ్చువేసిన నిపుణుల నివేదిక ప్రకారం ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకు రోజుకు 100-150 మిల్లీగ్రాములు, 4 నుంచి 6 ఏళ్ళకు 150-200, 6 నుంచి 10 ఏళ్ళకు 200-250 మిల్లీగ్రాములు చాలు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రోజుకు 300, అందులో కనీసం 200 డీహెచ్ఏ. అంకెలు చూసి భయపడకండి. కొవ్వు పట్టిన కాలంలో కవళ్ళు 100 గ్రాములు తింటే ఆ రెండూ కలిపి గ్రాము చుట్టుపక్కల వస్తాయి. అంటే అయిదేళ్ళ పిల్లకు వారం మొత్తానికి సరిపోయేది రెండు పూటల చిన్న కూర. రోజూ కొలవక్కర్లేదు, ఒంట్లో నిలవ ఉంటుంది.

కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు. విశాఖ నుంచి నెల్లూరు దాకా తీరమంతా దొరికే ఈ చవక చేపలే ఈ విషయంలో ముందు వరస. మనవాళ్ళు వీటిని పేదవాళ్ళ చేపలని చులకన చేస్తారు. తెలంగాణలో అందరూ ఎగబడే కొర్రమట్ట, ఆంధ్రలో కొరమీను, ధరలో ఆకాశాన ఉంటుంది. ముళ్ళు తక్కువ, రుచి గొప్ప, మాంసకృత్తులు మెండు, ఒప్పుకుంటాను. కొవ్వు మాత్రం బహు తక్కువ, కాబట్టి ఒమేగా-3 కూడా తక్కువే. కిలో కొరమీను ధరకు కవళ్ళు ఎన్ని కిలోలు వస్తాయో మీ బజారులో మీరే అడిగి చూడండి. ఇంకో సంగతి, తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. మృగశిర కార్తె చేపల సందడి ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి అప్పుడు బజారులో ఎక్కువగా ఉండేది చెరువు చేప. అదీ మంచి తిండే. ఒమేగా-3 కొంచెం తక్కువైతే ఇంకో పూట ఎక్కువ వండుకోవచ్చు.

పాలు పడతాయని బాలింతకు పాలసొర పెట్టే ఆనవాయితీ కోస్తాలో గట్టిగా ఉంది. పెద్దవాళ్ళ మీదికి వాదనకు దిగమనను గానీ ఒక మాట చెప్పాలి. సొర వేటాడి బతికే చేప, చాలా ఏళ్ళు బతుకుతుంది. సముద్రంలోని పాదరసం చిన్న చేప నుంచి పెద్ద చేపకు చేరుతూ పోయి, ఇలాంటి చేపల కండలో పేరుకుంటుంది. పాదరసం పడని అవయవాల్లో మొదటిది ఎదిగే మెదడే. అమెరికా ఆహార ఔషధ సంస్థ ప్రకారం గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు మానుకోవాల్సిన చేపల జాబితాలో సొర ఉంది. పిల్ల సొరలో పెద్ద సొరలో ఉన్నంత ఉండదు, ఎప్పుడో ఒకసారి తిన్నందుకు బెంగపడొద్దు. వారం వారం పెట్టాలనుకుంటే మాత్రం అత్తగారితో నెమ్మదిగా చెప్పి సొర పిట్టు బదులు నెత్తళ్ళ కూర చేయించండి. చిన్న చేప, తక్కువ కాలం బతికేది, పాదరసం తక్కువ. ముల్లుతో సహా తింటే కాల్షియం కూడా. పాలు పడటానికి అన్నిటికన్నా పనిచేసేది బిడ్డ మాటిమాటికీ తాగడమే.

వంట దగ్గర కూడా రెండు మాటలు. ఇన్ని జంట బంధాలున్న కొవ్వు గాలి తగిలితే త్వరగా పాడవుతుంది, అందుకే కవళ్ళు మర్నాటికే వాసన పట్టేస్తాయి. ఫ్రీజర్‌లో పెట్టినా ఈ కొవ్వు మెల్లగా చెడుతూనే ఉంటుంది, కాబట్టి నెలల తరబడి దాచకండి. కొన్నరోజే వండడం అన్నిటికన్నా మేలు. కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడటం మానకండి, ఎర్రగా, తడిగా ఉండాలి. నూనెలో ముంచి వేయించితే చేపలోని కొవ్వు కొంత బాణలిలోకి పోతుంది, బాణలిలోని నూనె చేపలోకి వస్తుంది. పులుసులో అయితే కరిగిన కొవ్వు పైన తేలి ఆ గిన్నెలోనే ఉంటుంది, అన్నంలో కలిసి పిల్లవాడి నోటికి చేరుతుంది. చింతపండు పులుపులో సన్నసెగ మీద బాగా మగ్గితే కవళ్ళ సన్న ముళ్ళు కూడా మెత్తబడతాయి. పిల్లల కోసం కారం తగ్గించి ముందు ఒక గిన్నెలోకి తీసిపెట్టుకోండి. ఎండు చేప రుచికి బాగుంటుంది కానీ ఉప్పు విపరీతం, ఎండలో ఆ కొవ్వు చాలావరకు చెడిపోతుంది. పసుపుపచ్చగా తిరిగి కమురు వాసన వచ్చినవి అసలు వద్దు.

ఆరు నెలలు నిండి పై తిండి మొదలయ్యాక చేప పెట్టడానికి భయం అక్కర్లేదు. ముల్లు తీసిన మెత్తటి ముక్క చిదిమి, అన్నంలో కలిపి, మొదటిసారి కొద్దిగా, పగటిపూట పెట్టండి. ఒళ్ళంతా దద్దుర్లు, వాంతులు, పెదవులు వాయడం, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి. బొచ్చె, శీలావతి కండలో వై ఆకారపు సన్న ముళ్ళుంటాయి, తోక వైపు మరీ ఎక్కువ. అయిదారేళ్ళ దాకా పెద్దవాళ్ళు వేళ్ళతో తడిమి పెట్టాల్సిందే. గొంతులో ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగించడం, అరటిపండు మింగించడం మన అలవాటు. దానివల్ల ముల్లు ఇంకా లోపలికి దిగొచ్చు. చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్తే చాలాసార్లు కొద్ది నిమిషాల్లో తీసేస్తారు. ఇంకొకటి: చేప కడుపులోని ఆకుపచ్చ పిత్తపు తిత్తిని మందని పచ్చిగా మింగేవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. బొచ్చె, శీలావతి జాతుల పిత్తం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లల దరిదాపుల్లోకి రానివ్వకండి.

చేప ముట్టని ఇళ్ళవాళ్ళు ఇంతదాకా చదివి మా పిల్లల సంగతేమిటని అడుగుతారు. వాళ్ళ పిల్లలు చదువులో వెనకబడుతున్నట్టు మన కళ్ళ ముందు ఎక్కడా లేదు కదా, ముందు ఆ బెంగ తీసేయండి. అవిసె గింజలు, అక్రూట్లు, ఆవనూనెలలో డీహెచ్ఏకు మూలమైన చిన్న గొలుసు కొవ్వు ఆమ్లం ఉంటుంది. మన ఒళ్ళు దానిలో కొంచెమే డీహెచ్ఏగా మార్చుకోగలదు, సంతానం కనే వయసు ఆడవాళ్ళలో ఈ మార్పు కాస్త మెరుగు. ఆ మార్పును చేసే ఎంజైముల కోసం పొద్దుతిరుగుడు నూనెలోని కొవ్వు కూడా పోటీపడుతుంది. ఇంట్లో అన్నిటికీ అదే నూనె వాడుతుంటే కొంత వేరుశనగ నూనెకో, తవుడు నూనెకో, ఆవనూనెకో మారండి. వేయించి పొడి చేసిన అవిసె గింజలు రోజుకో చెంచా ఇడ్లీ పొడిలో కలిపితే పిల్లలు గుర్తుపట్టరు. పొడి కొద్దికొద్దిగా చేసుకోండి, పాతబడితే చేదెక్కుతుంది. కడుపుతో ఉన్న శాకాహారి తల్లికి మాత్రం నాచు నుంచి తీసిన డీహెచ్ఏ మాత్రల గురించి డాక్టరును అడగడం మంచిది. ఒమేగా-3 తీసుకున్న గర్భిణుల్లో నెలలు నిండకుండా జరిగే కాన్పులు తగ్గాయని 70 పరీక్షలను కలిపి చూసిన 2018 కోక్రేన్ సమీక్ష చెప్పింది. డబ్బా కొనేటప్పుడు ముందువైపు బొమ్మ వదిలేసి వెనక చిన్న అక్షరాల్లో డీహెచ్ఏ ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. '1000 మిల్లీగ్రాముల చేప నూనె' అని పెద్దగా రాసినదానిలో కూడా డీహెచ్ఏ 120 మాత్రమే ఉండొచ్చు.